సరి మాటలు, బేసి మాటలు

2023 జనవరిలో, కనుమ వెళ్ళిన మర్నాడు, సాలూరులో మా తెలుగు మాస్టారి ఇంట్లో ముందుగదిలో ఒక కంప్యూటరు పెట్టాను. కంప్యూటరంటే పెద్దదేం కాదు. రాస్ప్‌బెర్రీ పై 400 అని, చూడ్డానికి ఉత్త కీబోర్డు. యంత్రం మొత్తం ఆ కీబోర్డులోనే ఉంటుంది. వైరు తీసి టీవీకి తగిలిస్తే చాలు. కరెంటు పెద్దగా తినదు, శబ్దం చెయ్యదు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నా చీటీలన్నీ పట్టేయా?" అన్నారు. పట్టేయని చెప్పాను.

చీటీల కథ కొంచెం చెప్పాలి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వాళ్ళు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వేశారు. వ్యవసాయ పదాలది. మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో అది చదివి, తను తిరిగే ఊళ్ళ మాటలు తనే ఏరుకుందామని మొదలుపెట్టారు. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్ళో. సాయంత్రం బడి వదిలాక కల్లాల దగ్గరికీ, చెరువు గట్ల మీదికీ వెళ్ళేవారు. మేం ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఇళ్ళకీ వచ్చి, "మీ తాతని దీన్నేమంటారో అడిగి రండి" అని పంపేవారు. పోస్టుకార్డులో సగం ఉండే చీటీ. పైన మాట, కింద అర్థం, ఆ కింద ఊరి పేరు, చెప్పినవాళ్ళ పేరు, తేదీ. ముప్ఫయ్యేళ్ళలో పదకొండు వేల పైచిలుకు చీటీలు అయ్యాయి. అచ్చు వేస్తామన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారు, వెళ్ళారు.

చివరికి నేను అడిగాను, ఇవ్వండి మాస్టారూ, నేను ఎక్కిస్తాను అని. 2021 చివర్లో రెండు సూట్‌కేసుల్లో సర్దుకుని డాలస్ తెచ్చుకున్నాను. వాటికి నకళ్ళు లేవు. ఆయన అటక ఖాళీ అయిపోయింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు గానీ, తర్వాత జరిగినదానికంతటికీ అదే మూలం. ఒక మాట తను రాశారా లేదా అని చూసుకోవడానికి ఆయన దగ్గర ఇంక ఏమీ మిగల్లేదు.

నేనూ, ఇద్దరు స్నేహితులూ, మాస్టారి మనవరాలూ కలిసి ఏడాదిపాటు శనాదివారాలు టైపు చేశాం. జనవరి ప్రయాణానికి ఏడువేల నాలుగు వందలు అయ్యాయి. మాట కొడితే చీటీలో ఉన్నదంతా తెర మీద పెద్ద అక్షరాలతో రావాలి, ఇంటర్నెట్టుతో పని ఉండకూడదు. నేను రాసింది చిన్న ప్రోగ్రామే. మాటల్ని దాచి, వెతికి తెచ్చే పని మాత్రం ఎవరో రాసి ఉచితంగా అందరికీ పెట్టిన ఒక సి భాష లైబ్రరీకి అప్పజెప్పాను. అది చాలా ఏళ్ళుగా ఉన్నది, చాలామంది వాడుతున్నది.

బయల్దేరే ముందు సాలూరులో ఆ కీబోర్డు మీదే రెండొందల మాటలతో పరీక్ష కూడా చేశాను. రెండొందలూ దొరికాయి. తర్వాత మొత్తం ఫైలు ఎక్కించి, "ఏదైనా కొట్టండి మాస్టారూ" అన్నాను. ఆయన ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్నారు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అయినా తప్పు లేకుండా కొడతారు. "చోళ్ళు" అని కొట్టారు. మా వైపు రాగుల్ని చోళ్ళంటాం. చీటీ వచ్చింది: ఊరు, ఆ చెప్పిన ముసలమ్మ పేరు, 1974. ఆయన ఆ పేరు చాలాసేపు చూశారు. తర్వాత "చెలమ" కొట్టారు. అదీ వచ్చింది. వాళ్ళ కోడలు పకోడీలు పెట్టింది. తిని వచ్చేశాను.

ఫిబ్రవరిలో ఫోను. "అమ్మా, గెడ్డ లేదంటంది."

గెడ్డ అంటే కొండల్లోంచి దిగే వాగు. మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకి నోట్లో ఉండే మొదటి పది మాటల్లో ఒకటి. నేను ఇక్కడ ల్యాప్‌టాప్‌లో కొట్టి చూశాను. ఉంది. "ఉంది మాస్టారూ, మళ్ళీ కొట్టి చూడండి" అన్నాను. ఆయన మళ్ళీ కొట్టారు. లేదట.

తెలుగును కంప్యూటర్లో పెట్టిన వాళ్ళకి ఇలాంటప్పుడు అనుమానించడానికి ఒక జాబితా సిద్ధంగా ఉంటుంది. పొల్లు తర్వాత కనిపించని విడదీసే అక్షరం ఏదైనా పడిందేమో. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వమూ దానికింద ఇంకో ముక్కా కలిపీ రాయొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. అలాంటిదేమైనా అనుకున్నాను. గెడ్డలో ఐత్వమే లేదు, అయినా అనుకున్నాను. అటువైపు నుంచి మనవరాలు ఫోనులో ఫొటో తీసి పంపింది. తెర మీద గెడ్డ అని చక్కగా ఉంది, కింద "ఈ మాట లేదు" అని ఉంది. ఆ వాక్యం నేను రాసిందే.

అప్పుడు నేను చేసిన పని ఇది: సూట్‌కేసులోంచి గెడ్డ చీటీ తీసి ఫొటో పంపాను. చీటీ భద్రంగా ఉంది మాస్టారూ, ఫైల్లోనూ ఉంది, నాకు ఇక్కడ వస్తోంది, మీరు కొట్టడంలోనే ఎక్కడో పొరపాటు జరుగుతోంది, నెమ్మదిగా కొట్టండి. ఎంతో మర్యాదగానే చెప్పాను. "వయసు రీత్యా కళ్ళు కొంచెం..." అని కూడా అన్నట్టు గుర్తు.

ఒక్క విషయం మాత్రం శ్రద్ధగానే చేశాను. ఆ చిన్న యంత్రంలో ఉన్నది ఇంటెల్ ప్రోసెసర్ కాదు, ఆర్మ్ ప్రోసెసర్. నా ల్యాప్‌టాప్ ఇంటెల్. ఆ తేడా వల్ల ఏమైనా అవుతుందేమోనని మా అబ్బాయి మాక్‌లో పెట్టి చూశాను. అది ఎమ్1, అంటే అదీ ఆర్మే. గెడ్డ దొరికింది. కర్రు, నాగలి, మదుము, అన్నీ దొరికాయి. కాబట్టి ప్రోసెసర్‌ది కాదు తప్పు అని తేల్చేశాను. ఆ తేల్చడం అంత ధీమాగా కాకుండా ఉంటే మూడు నెలలు మిగిలేవి.

మార్చిలో ఆయన ఫోన్లు తగ్గాయి. కోడలు చేసింది. "మావయ్యగారు రాత్రిళ్ళు లేచి కూచుని కొడుతున్నారండీ. దొరక్కపోతే, నేను రాయలేదేమో, రాశాననుకుంటున్నానేమో అంటున్నారు" అంది. ఆయనకి డెబ్బై తొమ్మిది. ఆ వయసులో ఇంట్లోవాళ్ళకి ఇలాంటివి విన్నప్పుడు తట్టే ఆలోచన ఒక్కటే. ఏప్రిల్‌లో విశాఖపట్నం తీసుకెళ్ళి ఒక డాక్టరుకి చూపించారు. గడియారం బొమ్మ గియ్యమన్నారట, నూరులోంచి ఏడు తీసుకుంటూ పొమ్మన్నారట. "మూడు మాటలు చెప్పి, కాసేపు వేరే కబుర్లు చెప్పి, మళ్ళీ అడిగేడమ్మా ఆయన. మూడూ చెప్పేను. ఇంకా కావాలంటే మూడువేలు చెప్తానన్నాను" అన్నారు నాతో, నవ్వుతూనే. ఎందుకైనా మంచిదని మాత్రలు రాశారు. నేను కూడా కోడలితో, "పోనీలెండి, ముందుగా చూపించడం మంచిదే" అన్నాను. అన్నాను.

మేలో మిగిలిన మూడువేల తొమ్మిది వందల చీటీలు కూడా పూర్తయ్యాయి. మొత్తం పదకొండువేల మూడు వందలు. కొత్త ఫైలు తయారుచేసి పంపితే మనవరాలు ఎక్కించింది. వారం తిరక్కుండా మాస్టారు ఫోను చేశారు. గొంతు చాలా మామూలుగా ఉంది, అదే నాకు బాగా గుర్తు.

"అమ్మా, ఇప్పుడు చోళ్ళు కూడా లేదంటంది."

చోళ్ళు ఆయన నా ముందు కొట్టారు. నేను కళ్ళారా చూశాను. పకోడీల ముందు.

"మాస్టారూ, ఏవి దొరుకుతున్నాయో, ఏవి దొరకడం లేదో ఒక కాగితం మీద రాసి పంపగలరా?" అన్నాను. అది ఫిబ్రవరిలో అడగవలసిన ప్రశ్న. ఆయన, "రాసే ఉంచేను" అన్నారు.

ఫొటోలు వచ్చాయి. లాంగ్‌సైజు నోటుబుక్కు, తొమ్మిది పేజీలు, రెండొందల పద్నాలుగు మాటలు. ఎడమవైపు దొరికినవి, కుడివైపు దొరకనివి. ఫిబ్రవరి నుంచీ రాస్తున్నారు. మేలో కొత్త ఫైలు వచ్చాక మొత్తం మళ్ళీ సరిచూసి, ముందు దొరికి ఇప్పుడు పోయినవాటి చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ముప్ఫయ్యేళ్ళు చీటీలు రాసిన మనిషి పని అది. మతిమరుపు మనిషి పని అని ఎవరైనా అనగలరేమో చూడండి.

మార్జిన్లో ఆయన సొంత పరిశోధన కూడా ఉంది. తెలుగు పండితుడు కదా, మాటలకి గురులఘువులు వేశారు. దొరికినవాటిలో మేడి, తూము, గంటె. మూడూ గురువు తర్వాత లఘువు. హగణం దొరుకుతోంది కాబోలు అనుకున్నారు. కానీ గెడ్డ కూడా హగణమే, కర్రు కూడా. అవి లేవు. చెలమ నగణం, ఉంది. మదుము కూడా నగణమే, లేదు. "గణాలు కుదరలేదు" అని రాసి కొట్టేశారు. కింద "మాత్రలూ కుదరలేదు" అని ఇంకో గీత. అది చదివి నవ్వొచ్చింది. ఒక నిమిషం పోయాక నవ్వు ఆగిపోయింది. ఆయన సరైన దారిలోనే ఉన్నారు. లెక్క ఉంది. లెక్కపెట్టవలసింది మాత్రలు కాదు, అంతే.

యూనికోడ్‌లో తెలుగు మాట మనం పలికే అక్షరాలుగా ఉండదు. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, ఇలా విడివిడి సంకేతాలు. చెలమ అంటే చ, ఎత్వం, ల, మ. నాలుగు. మదుము అంటే మ, ద, కొమ్ము, మ, కొమ్ము. అయిదు. నేను ఒక్కో మాట కిందా ఈ అంకె వేస్తూ పోయాను. మేడి నాలుగు, తూము నాలుగు, గంటె నాలుగు, వరిగడ్డి ఎనిమిది. దొరికేవి. గెడ్డ అయిదు, కర్రు అయిదు, నాగలి అయిదు, కల్లం అయిదు, వరి మూడు. దొరకనివి. ఎర్రసున్నాలు చుట్టినవి: చోళ్ళు ఆరు, కావిడి ఆరు, ఈత రెండు.

జనవరి ఫైలులో సరి మాటలు దొరికాయి, బేసి మాటలు దొరకలేదు. మే ఫైలులో నాలుగుతో భాగించబడేవి తప్ప మిగతావన్నీ పోయాయి. రెండు, నాలుగు అని అంకెలు అలా తేలితే అది మనిషి మతిమరుపు కాదు. మనుషులు అంత పద్ధతిగా మరచిపోరు.

ఒకే ఒక్క మాట ఈ లెక్కకి లొంగలేదు. కపిల. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు తోడే మోట. క, ప, గుడి, ల. నాలుగు. దొరకాలి. మాస్టారి జాబితాలో మొదటినుంచీ కుడివైపే ఉంది. నా ల్యాప్‌టాప్‌లో కొట్టినా లేదు. సరే, ఆ చీటీ ఆయన రాసి ఉండరులే అనుకుని ముందుకు పోయాను.

తప్పు ఎక్కడుందో ఇప్పుడు చెప్తాను. కొంచెం లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

వేల మాటల్లో ఒకదాన్ని వెంటనే తీయాలంటే మొదటినుంచీ చదువుకుంటూ పోతే కుదరదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేసే గూళ్ళలాగా గూళ్ళు కట్టి, మాటలోని అక్షరాలతో ఒక లెక్క చేసి, వచ్చిన అంకె ఏ గూటిదో ఆ గూట్లో మాటని వేస్తారు. వెతికేటప్పుడు మళ్ళీ అదే లెక్క చేసి, ఆ ఒక్క గూట్లోనే చూస్తారు. దీన్ని హాషింగ్ అంటారు. ఆ లైబ్రరీ వాడిన లెక్క చాలా పాతది, సులువైనది: ఇప్పటిదాకా వచ్చిన అంకెను 31తో గుణించి, తర్వాతి బైటుని కలపడం. కెర్నిగన్, రిచీల సి పుస్తకం 1988 రెండో ముద్రణలో కూడా ఇలాంటిదే ఉంటుంది. సి నేర్చుకున్నవాళ్ళందరూ ఒకసారైనా రాసి ఉంటారు.

ఇంగ్లీషు అక్షరం ఒక్కొక్కటీ ఒక్క బైటు, విలువ 127కి లోపే. తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, అన్నీ 127కి పైనే. 'గ' అంటే 224, 176, 151. మరి ఒక బైటులో 224 అని ఉంటే దాన్ని 224 అని చదవాలా, లేక ఎనిమిదో బిట్టును రుణసంజ్ఞగా తీసుకుని మైనస్ 32 అని చదవాలా? సి భాషలో అక్షరానికి వాడే 'చార్' అనే రకం విషయంలో ఈ ప్రశ్నకి జవాబు భాష చెప్పదు. మీ యంత్రం ఎలా అంటే అలా, అని వదిలేసింది. ఇంటెల్ యంత్రాల్లో అది మైనస్ 32. లినక్స్ నడిచే ఆర్మ్ యంత్రాల్లో 224. ఇక ఆపిల్ వాళ్ళు, ప్రోసెసర్ ఆర్మే అయినా, చార్‌ని సంజ్ఞ ఉన్నదిగానే ఉంచుకున్నారు. అందుకే మా అబ్బాయి మాక్ నాకు అబద్ధపు సాక్ష్యం చెప్పింది. నేను ప్రోసెసర్ ఒకటే చూశాను. ఆ ప్రోసెసర్ మీద ఎవరు ఏ ఒడంబడిక పెట్టుకున్నారన్నది చూడలేదు.

ఇప్పుడు లెక్క. నేను డాలస్‌లో ఇంటెల్ మీద ఫైలు తయారుచేశాను. మాటలు గూళ్ళలో పడ్డది ఆ లెక్క ప్రకారం. సాలూరులో ఆ చిన్నయంత్రం వెతికేది తన లెక్క ప్రకారం. ప్రతి బైటు దగ్గరా ఇద్దరికీ 256 తేడా. ఏడువేల నాలుగొందల మాటలకి లైబ్రరీ కట్టిన గూళ్ళు 8192, అంటే 256 ముప్ఫై రెండుసార్లు. గుణించే అంకె 31, ముప్ఫై రెండుకి ఒకటి తక్కువ. కాబట్టి ఆ గూళ్ళ వరసలో 31తో గుణించడమంటే ఆ తేడా విషయంలో మైనస్ ఒకటితో గుణించినట్టే. ఒక బైటు 256 కలుపుతుంది, తర్వాతి బైటు దాన్ని తీసేస్తుంది. బైట్లు సరిసంఖ్యలో ఉంటే తేడా మొత్తం కొట్టుకుపోయి ఇద్దరూ ఒకే గూటికి వెళ్తారు. బేసి అయితే ఒక 256 మిగిలిపోతుంది, యంత్రం 256 గూళ్ళ అవతల వెతుక్కుని "లేదు" అంటుంది. సంకేతానికి మూడు బైట్లు, మూడు బేసి, కాబట్టి సంకేతాలు సరి అయితే బైట్లూ సరి. మేలో మాటలు 8192 దాటేసరికి లైబ్రరీ గూళ్ళని రెట్టింపు చేసింది, 16384. అందులో రెండు బైట్ల జంట కొట్టుకుపోదు, సరిగ్గా సగం చుట్టు మిగులుతుంది. రెండు జంటలైతేనే పూర్తిచుట్టు తిరిగి మొదటికొస్తుంది. చోళ్ళు అలా పోయింది.

మరి జనవరిలో నేను అదే యంత్రం మీద చేసిన పరీక్ష? రెండొందల మాటలకి గూళ్ళు 256. తేడా ఎంతైనా 256కి గుణిజమే కాబట్టి అన్నీ ఒకే గూటికి వచ్చాయి. అంతకంటే తక్కువ గూళ్ళున్నా అంతే. ఈ తప్పు కనపడకుండా ఉండటానికి ఏ సైజు పరీక్ష చెయ్యాలో సరిగ్గా ఆ సైజు పరీక్షే చేశాను. లైబ్రరీ రాసినవాళ్ళ పరీక్షలూ చూశాను. వాళ్ళు ఆర్మ్ మీద కూడా క్రమం తప్పకుండా నడుపుతున్నారు, అన్నీ పాసవుతున్నాయి. ఆ పరీక్షల్లో ఉన్న మాటలన్నీ ఇంగ్లీషు. 127 లోపు ఉన్నవాళ్ళకి ఏ యంత్రం మీదా ఏ గొడవా లేదు.

అసలు ఇలా ఎందుకు చేశారు అంటే దుర్బుద్ధి ఏమీ లేదు. సి పుట్టి పెరిగిన పీడీపీ-11 యంత్రంలో, బైటును రిజిస్టరులోకి తెస్తే సంజ్ఞతో సహా సాగదీసి తెచ్చేది. కాబట్టి సంజ్ఞ ఉన్న చార్ అక్కడ సహజం. తొలినాళ్ళ ఆర్మ్‌లో బైటును తెచ్చే ఆదేశం పైన సున్నాలు పెట్టి తెచ్చేది, సంజ్ఞతో తెచ్చే ఆదేశం నాలుగో తరం దాకా రాలేదు. అక్కడ సంజ్ఞ లేని చార్ చవక. ఐబీఎం పెద్ద యంత్రాల ఎబ్సిడిక్ సంకేతాల్లో పెద్ద 'ఏ' అక్షరమే 193, దాన్ని మైనస్ అంకె చెయ్యడానికి సి ప్రమాణం ఒప్పుకోదు, అందుచేత అక్కడ గత్యంతరం లేదు. ఎవరి ఇంట్లో ఏది సులువో వాళ్ళు అది చేసుకున్నారు. ఏ ఊరి తెలుగు ఆ ఊరిదే అన్నట్టు. మాస్టారికి ఇది చెప్తే ఆయనకి చాలా నచ్చింది, అది తర్వాత.

ఇది నాకొక్కదానికే తగిలిన దెబ్బ కూడా కాదు. లినక్స్‌లో ఎక్స్‌ట్3 అనే ఫైలు వ్యవస్థ ఫైళ్ళ పేర్లకి ఇలాగే హాష్ కట్టేది. ఇంటెల్ యంత్రంలో రాసిన డిస్కు ఊడదీసి పవర్‌పీసీ యంత్రానికి తగిలిస్తే, పేర్లలో 127 దాటిన బైట్లున్న ఫైళ్ళు దొరక్కపోయే ప్రమాదం ఉండేది. జాబితా వేస్తే పేరు కనిపిస్తుంది, పేరు పెట్టి పిలిస్తే పలకదు. 2008లో దాన్ని సరిచేసినప్పుడు, ఈ డిస్కు ఏ పద్ధతి లెక్కతో మొదలైందో డిస్కు మీదే ఒక గుర్తు రాసుకునే ఏర్పాటు చేశారు. ఆ మార్పు వెంట రాసిన వివరణలో, చార్‌కి సంజ్ఞ ఉండటమే దేవుడూ కెర్నిగన్-రిచీలూ ఉద్దేశించినది అని ఒక విసురు ఉంది. వాళ్ళ పుస్తకంలో మాత్రం అది యంత్రాన్ని బట్టి ఉంటుందనే రాశారు. ఇక లినక్స్ కెర్నెల్ తన లోపలి కోడ్ వరకూ ఈ తగువు తీర్చుకున్నది 6.2 నుంచి. ఏ ప్రోసెసర్ మీదైనా చార్‌కి సంజ్ఞ లేదు అని తీర్మానించారు. అది విడుదలైంది 2023 ఫిబ్రవరిలో. అంటే మాస్టారు గెడ్డ లేదని నాకు ఫోను చేసిన నెలలోనే. ఆ వార్త నేను చదివాను కూడా. మంచి పని చేశారు అనుకుని పేజీ మూసేశాను.

సరిచెయ్యడానికి పట్టింది ఒక్క మాట. కలిపే ముందు బైటుని సంజ్ఞ లేనిదిగా చదువు, అని. లైబ్రరీ చూసుకునేవాళ్ళకి పంపాను, వెంట గెడ్డ, చెలమ, చోళ్ళు, వరిగడ్డి అని నాలుగు మాటలతో ఒక పరీక్ష కూడా పెట్టాను. పాత ఫైళ్ళ గతేమిటని రెండువారాలు తర్జనభర్జన పడి, పాత ఫైలు తెరిస్తే పాత లెక్కే వాడేలా ఏర్పాటు చేసి ఒప్పుకున్నారు. గెడ్డ ఇప్పుడు ఆ లైబ్రరీ పరీక్షల్లో ఉంది. దాని అర్థం ఏమిటని అక్కడ ఎవరూ అడగలేదు.

మాస్టారికి ఫోను చేసి చెప్పడం వేరే పని. ముందు కోడలికి చెప్పాను. తర్వాత ఆయన వచ్చారు లైన్లోకి. తప్పు మీది కాదు మాస్టారూ, మొదటినుంచీ నాదే, మీరు కొట్టినవన్నీ సరిగ్గానే కొట్టారు అన్నాను. గూళ్ళ సంగతి, సంజ్ఞ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "అంటే ఒకే గుర్తుని ఆ యంత్రం ఒకలా చదువుతాది, ఈ యంత్రం ఒకలా చదువుతాది" అన్నారు. "మరి ఎవరిది తప్పు?" ఎవరిదీ కాదు, అలా చదువుతారని తెలుసుకోకుండా నేను ఫైలు పట్టుకొచ్చాను, అన్నాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

"నువ్వు ఫిబ్రవరిలో కళ్ళన్నావు" అన్నారు.

అన్నాను మాస్టారూ.

"కళ్ళు బాగానే ఉన్నాయి" అన్నారు. అంతకు మించి ఆ విషయం ఆయన ఎత్తలేదు. మాత్రలు మాత్రం కోడలు ఆపలేదు. డాక్టరు రాసినవి కదా, మధ్యలో మానకూడదట.

కొత్త ఫైలు వెళ్ళిన నాలుగో రోజున నోటుబుక్కు ఫొటోలు మళ్ళీ వచ్చాయి. రెండొందల పద్నాలుగు మాటలూ తిరిగి కొట్టి, ఒక్కోదాని పక్కన పచ్చసిరాతో టిక్కు పెట్టారు. ఎర్ర సున్నాల మీద కూడా. ఆఖరి పేజీ అడుగున మాత్రం మూడు మాటలు విడిగా రాసి, "ఇవి ఇప్పటికీ లేవు. 1978లో ఒక్కరోజునే రాసినట్టు జ్ఞాపకం. వేగావతి ఒడ్డున. చూడగలవు" అని ఉంది. ఏతం, గూడ, కపిల.

ఆ రాత్రి సూట్‌కేసులు రెండూ దించాను. నీళ్ళు తోడే పనిముట్ల కట్ట తీసి ఒక్కో చీటీ వేలితో దులుపుతూ పోయాను. మోకు అన్న చీటీ మిగతావాటికన్నా మందంగా తగిలింది. ఎప్పుడో వాన నీళ్ళు పడి అట్టకట్టినట్టుంది. కెటిల్ ఆవిరి మీద పట్టి, చాకు మొనతో నెమ్మదిగా విడదీశాను. మోకు వెనక ఏతం, ఏతం వెనక గూడ, గూడ వెనక కపిల. నాలుగింటి మీదా తేదీ ఒకటే, చెప్పిన రైతు పేరు ఒకటే. కపిల మీద సిరా కొంచెం అలుక్కుంది గానీ చదవొచ్చు. ఆరబెట్టి, పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేలోపు మూడూ ఎక్కించాను.